జాతరలో నిద్రకూ వంతు పెట్టుకోండి

ప్రశ్న: అక్కా, మాది సూర్యాపేట జిల్లాలో మోతె అవతల ఒక ఊరు. రెండేళ్ళకోసారి పెద్దగట్టు లింగమంతుల స్వామి జాతరకు మా కుటుంబమంతా కలిసి పోతాం. పద్నాలుగు మందిమి, ఒక ట్రాక్టరు, ఒక కారు. ఆదివారం పొద్దున పోయి డేరా వేసుకుంటే బుధవారం దాకా అక్కడే. పోయినసారి, 2025లో, మూడు రాత్రులూ నాకు నిద్రే లేదు. భేరీలు, మైకులు, పక్క డేరావాళ్ళ డీజే బాక్సులు. కాసేపు నడుం వాల్చుదామంటే "జాతరకొచ్చి నిద్రేంది?" అంటారు. వంట, అంట్లు, బాబును చూసుకునుడు అన్నీ నావే. తిరిగొచ్చేటప్పుడు ట్రాక్టరు నడుపుతూ మా ఆయన తూగిండు. బండి రోడ్డు దిగి తుమ్మచెట్లలో ఆగింది. దేవుని దయ, ఎవరికీ ఏం కాలేదు. బాబుకు ఇప్పుడు మూడేళ్ళు, అత్తమ్మకు బీపీ. ఈసారి రాత్రిపూట బాబుకు కొంచెం దగ్గు సిరప్ పోస్తే పడుకుంటాడని మా ఆడబిడ్డ అంటోంది. పోయొచ్చా? మనం చెవుల్లో దూది పెట్టుకుంటే సరిపోతుందా? అసలు జాతరలో నిద్రపోవుడు కుదిరే పనేనా?

సమాధానం:

చెల్లీ, ముందు సిరప్ సంగతి తేల్చేద్దాం. పోయొద్దు. దగ్గు లేని పిల్లవాడికి నిద్ర కోసం దగ్గు మందు పోయడం చాలా ప్రమాదం. కొన్ని సిరప్‌లలో మత్తు తెచ్చే మందు ఉంటుంది. మోతాదు కాస్త ఎక్కువైతే చిన్నపిల్లల్లో ఊపిరి మందగిస్తుంది. చీకట్లో, గోలలో, ఆ తేడా పక్కన పడుకున్న తల్లికి కూడా తెలియదు. కొందరు పిల్లలకైతే అదే మందు నిద్రకు బదులు చిరాకు తెస్తుంది, రాత్రంతా ఏడుస్తారు. రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దని, ఐదేళ్ళలోపు వాళ్ళకు మామూలుగా సిఫార్సు చేయొద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ డాక్టర్లకే చెప్పింది. మీ ఆడబిడ్డ మంచికే చెప్పి ఉంటుంది. ఈ మాట ఆమెకూ చెప్పు, ఆమె పిల్లలకూ పనికొస్తుంది.

ఇక ఆ తుమ్మచెట్ల సంగతి. నువ్వు ఒక్క ముక్కలో చెప్పి దాటేశావు గానీ, నీ ఉత్తరంలో అన్నిటికన్నా పెద్ద విషయం అదే. ఇరవై నాలుగు గంటలు కన్ను మూయని మనిషి, 100 మిల్లీలీటర్ల రక్తంలో 100 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాడు ఎంత తడబడతాడో అంతే తడబడతాడని పరిశోధనల్లో తేలింది. మన చట్టం ప్రకారం 30 మిల్లీగ్రాములు దాటితే చాలు, తాగి నడిపినట్టు లెక్క. అంటే మీ ఆయన చుక్క ముట్టకపోయినా, మూడు రాత్రుల నిద్రలేమితో ఆ స్టీరింగ్ పట్టుకునే స్థితిలో లేడు. తూగు వచ్చినప్పుడు కళ్ళు తెరిచే ఉన్నా మెదడు కొన్ని సెకన్లు ఆగిపోతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయే ట్రాక్టరు నాలుగు సెకన్లలో 30 మీటర్లు దాటిపోతుంది. ఆ 30 మీటర్లలో తుమ్మచెట్లు ఉండడం మీ అదృష్టం.

పాటలు గట్టిగా పెట్టుకోవడం, ముఖం మీద నీళ్ళు కొట్టుకోవడం, నోట్లో ఏదో ఒకటి వేసుకోవడం, ఇవేవీ తూగును ఆపవు. టీ, కాఫీ కొంత పనిచేస్తాయి, అదీ తాగిన ఇరవై ముప్పై నిమిషాలకు. దారిలో రెప్పలు బరువెక్కితే, దాటొచ్చిన ఊరు గుర్తు రాకపోతే, బండిని రోడ్డు నుంచి బాగా లోపలికి దింపి, టీ తాగి, వెంటనే ఇరవై నిమిషాలు పడుకోవాలి. లేచేసరికి టీ కూడా పనిలోకి దిగుతుంది. కానీ అది ఇల్లు చేరేదాకా గట్టెక్కడానికే, రాత్రి నిద్రకు బదులు కాదు.

అందుకే మీ డేరాలో మొదటి నియమం ఇది కావాలి: బుధవారం పొద్దున బండి నడిపేవాళ్ళు మంగళవారం రాత్రి తొమ్మిదికల్లా పడుకోవాలి, ఏడు గంటలు నిద్రపోవాలి. ట్రాక్టరు నడిపే మీ ఆయనకూ, కారు నడిపేవాళ్ళకూ ఇద్దరికీ ఇదే. ఆ రాత్రి వాళ్ళను నీళ్ళకు పంపొద్దు, చుట్టాలను దింపిరమ్మని లేపొద్దు. మందు, కల్లు ఆ రాత్రి అసలే వద్దు. తాగితే నిద్ర తొందరగా పట్టినట్టే ఉంటుంది, అర్ధరాత్రి దాటాక ముక్కలు ముక్కలవుతుంది. బయల్దేరడం బాగా తెల్లారాకే. తెల్లవారుజామున రెండు నుంచి ఆరు దాకా, మళ్ళీ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మన ఒంటికి సహజంగానే నిద్రమత్తు ఎక్కువ, ఆ గంటల్లో రోడ్డు మీద ఉండకండి. జాతర రోజుల్లో విజయవాడ హైవే మీద వాహనాలను మళ్ళిస్తారు కాబట్టి ఇంటికి పోయే టైము మామూలుకన్నా ఎక్కువే వేసుకోండి. ఇంకో మాట. ట్రాలీలో సామాను మాత్రమే పెట్టండి. కారులో పట్టని మనుషులు జాతర బస్సు ఎక్కి సూర్యాపేటకు వచ్చి, అక్కడి నుంచి మీ ఊరి బస్సు పట్టుకోండి. ట్రాలీలో మనుషులను ఎక్కించుకోవడం మన దగ్గర అందరూ చేసేదే, బోల్తా పడ్డ ట్రాలీల వార్తలు చదివేదీ మనమే.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న. జాతరలో నిద్ర కుదురుతుంది, కానీ దానంతట అది కుదరదు. నీళ్ళు తెచ్చేది ఎవరు, యాటను పట్టుకునేది ఎవరు, పొయ్యి దగ్గర ఉండేది ఎవరు అని ముందే అనుకుంటారు కదా. నిద్రను మాత్రం ఎవరూ అనుకోరు. దొరికినవాళ్ళకు దొరుకుతుంది. దొరికేది ఎవరికో నీకు తెలుసు. అన్నం తిని చేయి కడుక్కొని పక్కకు ఒరిగేవాళ్ళకు. అంట్లు తోమి, పిల్లవాడిని పడుకోబెట్టి, పొద్దుటి బియ్యం చూసుకొని వచ్చేసరికి పడుకునే చోటే మిగలదు. పద్నాలుగు మందిలో ఒక్క కోడలు మూడు రాత్రులు మేలుకోవడం భక్తి కాదు చెల్లీ, అది పని పంచుకోకపోవడం. నేను ఈ మాట మెత్తగా చెప్పదలుచుకోలేదు.

కాబట్టి బయల్దేరడానికి ముందే, ఇంటి దగ్గరే, అందరూ కూర్చున్నప్పుడు నిద్ర వంతులు పెట్టుకోండి. పెద్దవాళ్ళు సగం మంది రాత్రి తొమ్మిదిన్నర నుంచి రెండు దాకా, మిగతా సగం రెండు నుంచి ఆరున్నర దాకా. మేలుకున్నవాళ్ళు డేరా దగ్గరే ఉండి సామాను, పిల్లలు, యాటలను చూసుకోవాలి. అత్తమ్మ, బాబు వంతుల్లోకి రారు, వాళ్ళు రాత్రంతా పడుకుంటారు. నువ్వు బాబుతో పాటు మొదటి వంతులో ఉండు. వంతు అంటే ఆ నాలుగున్నర గంటలు నిన్ను ఎవరూ లేపకపోవడం. ఉప్పు ఎక్కడుందని కూడా అడగొద్దు. దానికి మార్గం, పడుకునే ముందు ఉప్పు, కారం, టీ పొడి, చక్కెర, టార్చి, నీళ్ళ క్యాను అన్నీ ఒక చోట పెట్టి అందరికీ చూపించడం. రెండు గంటలకు లేచాక మళ్ళీ పని మీద పడతావు కదా, దానికి బదులు పగలు గంటన్నర నిద్ర నీకు రావాలి. మధ్యాహ్నం ఒంటి గంట నుంచి మూడింటి మధ్య అయితే ఎవరికైనా తొందరగా పడుతుంది. సోమవారం బోనాలు, యాటల పని అయ్యి వంట దిగాక ఒకరికి గరిట అప్పగించి పడుకో. అంట్లు మగవాళ్ళు తోముతారు. పెద్దవాళ్ళకు ఏడు గంటల నిద్ర కావాలి. మూడు రోజుల పాటు ఆరు గంటలు దొరికినా మనిషి నిలబడతాడు.

"జాతరకొచ్చి నిద్రేంది" అనేవాళ్ళకు నార్కట్‌పల్లి దగ్గరి చెరువుగట్టును గుర్తు చెయ్యి. అక్కడ జడల రామలింగేశ్వర స్వామి దగ్గర అమావాస్య రాత్రి నిద్ర చేయడానికే జనం వస్తారు, అదే వాళ్ళ మొక్కు. దేవుడి గట్టు మీద కన్ను మూస్తే అపచారమని మన పెద్దలెవరూ అనలేదు.

ఏ రాత్రి ఎలా ఉంటుందో మీకు తెలిసిందే కాబట్టి దాన్ని బట్టి నడుచుకోండి. ఆదివారం రాత్రి కేసారం నుంచి దేవుళ్ళ విగ్రహాలుండే దేవరపెట్టె గట్టుకు చేరుతుంది. భేరీలు మోగుతుంటే, గజ్జెలు ఘల్లుమంటుంటే, "ఓ లింగా" అంటూ జనం గంపలెత్తుకొని గుడి చుట్టూ తిరుగుతుంటే ఎవరు పడుకుంటారు? పడుకోవద్దు కూడా. రెండేళ్ళు ఎదురుచూసిన రాత్రి అది. ఆ రాత్రికి వంతులు పెట్టుకుంటే కొట్లాటలే అవుతాయి. బదులుగా ఆదివారం మధ్యాహ్నం డేరా వేయగానే అందరూ రెండు గంటలు పడుకోండి, సోమవారం తెల్లవారాక ఇంకో రెండు మూడు గంటలు. సోమవారం, మంగళవారం రాత్రులకు వంతులు గట్టిగా పాటించండి. మంగళవారం చంద్రపట్నం అనే రంగుల ముగ్గు చూసి వచ్చాక ఇంకా తిరగాలని అందరికీ ఉంటుంది, డ్రైవర్లకు మాత్రం సెలవు లేదు.

జాతరకు వారం ముందు నుంచీ ఇంట్లో రోజూ గంట ముందు పడుకోండి. నీళ్ళ డ్రమ్ము నింపుకొని పోతామే, నిద్ర కూడా అలా కొంత నింపుకొని పోవచ్చు. ముందు వారం బాగా నిద్రపోయినవాళ్ళు తర్వాతి నిద్రలేమిని మిగతావాళ్ళకన్నా బాగా తట్టుకున్నారని పరీక్షించి చూసినవాళ్ళు చెప్పారు. మన దగ్గర జరిగేది దీనికి తలకిందులు. పిండివంటలు, సామాను సర్దుడు అంటూ శనివారం రాత్రంతా ఆడవాళ్ళు మేలుకునే ఉంటారు. ఆ పనులు శుక్రవారానికి ముగించండి.

డేరా ఎక్కడ వేస్తున్నారన్నది సగం నిద్రను నిర్ణయిస్తుంది. ఆరుబయట శబ్దం దూరం రెట్టింపైనప్పుడల్లా సుమారు 6 డెసిబెళ్ళు తగ్గుతుంది. మైకుకు 25 మీటర్ల దూరంలో పడుకునే బదులు 100 మీటర్ల దూరం పోతే 12 డెసిబెళ్ళు తగ్గినట్టు, చెవికి అది సగానికి పైగా తగ్గినట్టే అనిపిస్తుంది. ఆదివారం పొద్దున్నే చేరతారు కాబట్టి ఎంచుకునే వీలు మీకుంది. స్తంభాల మీద మైకు గొట్టాలు ఎటు చూస్తున్నాయో చూసి, వాటి నోటికి ఎదురుగా కాక వెనక వైపు దిగండి. గుడికి దగ్గరని, దుకాణాలకు దగ్గరని ఆశపడొద్దు. పది నిమిషాలు ఎక్కువ నడిస్తే రాత్రి మిగులుతుంది. ట్రాక్టరు ట్రాలీని గోల వచ్చే వైపు అడ్డంగా నిలపండి. భేరీ దెబ్బను అది ఆపలేదు గానీ మైకు కీచుదనాన్ని, ఫ్లడ్‌లైటు వెలుగును అడ్డుకుంటుంది.

పక్క డేరావాళ్ళ డీజే బాక్సులకు మాత్రం ఊరికే తలవంచనక్కర్లేదు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు పెట్టొద్దని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. పండుగలకు ప్రభుత్వం సడలింపు ఇచ్చినా అర్ధరాత్రి పన్నెండు దాకానే. అయితే నియమం చదివి వినిపిస్తే కొట్లాటే మిగులుతుంది. మధ్యాహ్నమే మీ ఇంటి పెద్దమనిషి ఎవరైనా వాళ్ళ డేరాకు పోయి, "అన్నా, మా అమ్మకు బీపీ, చిన్న పిల్లగాడున్నాడు, పన్నెండు దాటాక బాక్సు కొంచెం తగ్గించుకోండి" అని అడిగితే నూటికి తొంభై మంది వింటారు. రాత్రి ఒంటి గంటకు కోపంగా పోయి అడిగితే ఎవరూ వినరు. భేరీల సంగతి వేరు. అవి లేకపోతే అది జాతరే కాదు, వాటిని ఆపమనే ఆలోచన కూడా నాకు లేదు.

దూది గురించి అడిగావు. దూది శబ్దాన్ని పెద్దగా ఆపదు. మెడికల్ షాపులో ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ అని అడుగు, మెత్తగా, పసుపు రంగులోనో నారింజ రంగులోనో చిన్న తూటాల్లా ఉంటాయి, తక్కువ ధరకే వస్తాయి. సరిగా పెట్టుకుంటే ఇరవై ముప్పై డెసిబెళ్ళ దాకా తగ్గిస్తాయి, కానీ చాలామంది సరిగా పెట్టుకోరు. చేతులు కడుక్కొని, ఒక్కోదాన్ని వేళ్ళ మధ్య పెట్టి సన్నని వత్తిలా నలపాలి. కుడి చెవికి పెట్టేటప్పుడు ఎడమ చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవి పైభాగాన్ని పైకి, వెనక్కి లాగాలి. అప్పుడు చెవి దారి తిన్నగా అవుతుంది. వత్తిని లోపలికి దూర్చి, అది ఉబ్బి నిండేదాకా అర నిమిషం వేలితో అలాగే పట్టుకోవాలి. పట్టుకోకపోతే సగం బయటికి వచ్చేస్తుంది, ఇక దేనికీ పనికిరాదు. చెవి నొప్పి, చీము ఉన్నవాళ్ళు పెట్టుకోవద్దు. భేరీ లాంటి బరువైన చప్పుడు వీటితో పూర్తిగా పోదు, గుండెల్లో మోగుతూనే ఉంటుంది. అయినా ఒకే తాళంలో సాగే చప్పుడుకు మనిషి అలవాటు పడతాడు. నిద్ర లేపేది ఉన్నట్టుండి పేలే పటాకా, మైకులో హఠాత్తుగా వచ్చే అరుపు. ఇయర్‌ప్లగ్స్ ముఖ్యంగా వాటికే పనికొస్తాయి. వంతులో మేలుకున్నవాళ్ళు మాత్రం ఇవి పెట్టుకోవద్దు. ముందు రెండు మూడు రాత్రులు ఇంట్లో పెట్టుకొని అలవాటు చేసుకో.

బాబు చెవుల్లో మాత్రం ఏమీ పెట్టొద్దు, దూది కూడా. తీసి నోట్లో పెట్టుకుంటే గొంతులో అడ్డం పడుతుంది. పిల్లల కోసం తలమీదుగా పెట్టే ఇయర్‌మఫ్‌లు దొరుకుతాయి, బాక్సుల పక్కగా నడిచేటప్పుడు పెట్టండి, నిద్రలో తీసేయండి. మూడేళ్ళ పిల్లవాడికి పగటి కునుకుతో కలిపి రోజుకు పది నుంచి పదమూడు గంటల నిద్ర కావాలి. ఇంట్లో వాడు కప్పుకునే చెద్దరే తీసుకుపో, ఉతక్కుండా. ఇంట్లో పడుకునే వేళకే, ఇంట్లో చెప్పే కథే చెప్పి పడుకోబెట్టు. చోటు కొత్తదైనా వాసన, మాట పాతవైతే పిల్లలు తొందరగా కుదురుకుంటారు.

పడక విషయంలో ఖర్చేమీ లేదు. మాఘంలో పగలు ఎండ చురుక్కుమంటుంది, తెల్లవారుజామున నేల ఐసు ముక్కవుతుంది. మనకు చలి పైనుంచి కన్నా కింది నుంచే ఎక్కువ ఎక్కుతుంది, అందుకే రెండు చెద్దర్లు కప్పుకున్నా నాలుగింటికి మెలకువ వస్తుంది. నేల మీద రాళ్ళు ఏరేసి, జానెడు మందాన వరిగడ్డి పరిచి, దాని మీద ప్లాస్టిక్ పట్టా, ఆ పైన గొంగడి వేయండి. కప్పుకోవడానికి ఇంకో గొంగడి ఉంటే మంచు కురిసినా భయం లేదు. యాదవుల జాతరలో గొంగడికి కొదువేముంది! కళ్ళ మీద మడిచిన తువ్వాలు వేసుకుంటే లైట్ల బాధ పోతుంది.

అత్తమ్మను నేల మీద కాకుండా ఒక మడత మంచం తెచ్చి దాని మీద పడుకోబెట్టండి, రాత్రి లేవడం సులువవుతుంది. బీపీ మాత్ర ఇంట్లో వేసుకునే వేళకే వేయండి, జాతర హడావుడిలో మొదట మరిచిపోయేది అదే. డేరా తాళ్ళకు తెల్ల గుడ్డ పేలికలు కట్టండి, చీకట్లో వాటికి తట్టుకొని పడేది పెద్దవాళ్ళే. తలగడ దగ్గర టార్చి, చెప్పులు పెట్టి, బాత్రూముకు పోతే వంతులో ఉన్నవాళ్ళు తోడు పోవాలి.

రెండు పనులు మాత్రం ఎంత చలి వేసినా, ఎంత నిద్ర వచ్చినా చేయొద్దు. మొదటిది, పొగ దగ్గర పడుకోవడం: మూసిన డేరాలో బొగ్గుల కుంపటి పెట్టుకొని పడుకోవద్దు, జనరేటరు పొగ వచ్చే వైపు పడుకోవద్దు, కారులో ఇంజను ఆన్‌లో పెట్టి ఏసీ వేసుకొని పడుకోవద్దు. ఈ మూడింటిలో వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే పోతారు. రెండోది, బండ్ల కింద, బండ్లు తిరిగే దారి పక్కన పడుకోవద్దు. రివర్స్ చేసేవాడికి చీకట్లో గొంగడి కప్పుకున్న మనిషి కనిపించడు. ట్రాలీ లోపల గడ్డి పరుచుకొని పడుకోవడం బాగుంటుంది, చక్రాలకు రాళ్ళు పెట్టి, తాళం చెవి పడుకున్నవాళ్ళ జేబులో ఉంటేనే.

ఇక ఈ వంతుల సంగతి ఇంట్లో ఎవరు ఎత్తాలన్నది. నువ్వు ఎత్తితే "కోడలికి నిద్ర కావాలంట" అంటారు. మీ ఆయనతో చెప్పించు. బండి రోడ్డు దిగింది ఆయన చేతిలోనే కాబట్టి, "నేను నిద్రలేక నడిపితే ఏమైందో చూశారు కదా, ఈసారి అందరికీ వంతులు" అంటే కాదనేవాళ్ళు ఉండరు. మీ అత్తమ్మతో మాత్రం ముందే నువ్వు ఒంటరిగా మాట్లాడు. ఆమె కూడా ఒకప్పుడు అదే గట్టు కింద కోడలిగా పొయ్యి ఊదిన మనిషే.

బుధవారం ఇంటికి చేరాక పొద్దుగూకేదాకా పడుకోవద్దు, ఆ రాత్రి నిద్ర పాడవుతుంది. మధ్యాహ్నం ఒక గంట పడుకొని, రాత్రి ఎనిమిదిన్నరకు పక్క ఎక్కండి. ఒక్క రాత్రితో అంతా తీరదు, రెండు మూడు రోజులు అలాగే ముందుగా పడుకోండి. గురువారం మిషన్ల దగ్గర పని, మోటారు స్టార్టర్ల పని, దూరం డ్రైవింగ్ మీ ఆయనకు పెట్టొద్దు. డేరా గుడ్డలు, గొంగడ్లు ఎండలో వేయడం, గిన్నెలు సర్దడం శుక్రవారం చేసుకున్నా నడుస్తుంది.